వేరుశనగ వదిలి కొర్రకు మారొచ్చా? అనంతపురం మెట్ట రైతు ప్రశ్న

మెట్టపొలం

అందరికీ నమస్కారం. మాది ధర్మవరం వైపు, ఆరెకరాల ఎర్రనేల, మొత్తం వానాధారమే. తాత కాలం దాటాక మా చేలో శనక్కాయ తప్ప వేరే ప్రధాన పంట లేదు. మధ్యలో కందిసాళ్లు వేస్తాం, అంతే. శనక్కాయకు విత్తనానికే ఎకరాకు అరవై కిలోల పైన గింజలు కావాలి, అప్పు అక్కడే మొదలవుతుంది. మొలక బాగానే వస్తుంది. ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేస్తుంది. చివరికి పశువులకు కట్టె మిగిలితే అదే లాభం అనుకోవాల్సి వస్తోంది.

వచ్చే ఖరీఫ్‌లో రెండెకరాలు కొర్ర వేద్దామని ఉంది. ఖర్చు తక్కువ అంటారు, వాన తగ్గినా పండుతుందంటారు. హైదరాబాదులో కొర్రబియ్యం కిలో వంద దాటి అమ్మడం నేనే చూశాను. కానీ మా దగ్గరి మార్కెట్ యార్డులో కొర్రలు కొనేవాళ్లను మాత్రం చూడలేదు. వేసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, గిట్టుతుందా లేక చెప్పుకోవడానికే బాగుంటుందా? మా అమ్మ అయితే "పండించడం సరే, దంచేదెవరు?" అంటోంది.

పెన్నగట్టు

తమ్ముడూ, మాది కళ్యాణదుర్గం వైపు. కొర్ర వేస్తున్నాను, ఇంకా మానలేదు. అమ్మకం సంగతి మిగతావాళ్లు చెప్తారు, నేను చేను సంగతి చెప్తాను.

విత్తనం ఎకరాకు రెండు కిలోలు చాలు. గింజ మరీ సన్నం కాబట్టి సన్న ఇసుక కలిపి జడ్డిగంలో (విత్తే గొర్రు మీదుండే గిన్నెలో) పోయాలి, లేకపోతే ఒకచోట గుత్తులుగా, ఇంకోచోట బోడిగా పడుతుంది. అంగుళం లోతు దాటితే మొలక పైకి రాదు. సాలుకీ సాలుకీ మధ్య జానెడు ఎడం. మొదటి మూడు, నాలుగు వారాలే జాగ్రత్త. ఆ లోపల దంతె (సాళ్ల మధ్య కలుపు తీసే పనిముట్టు) తోలి కలుపు తీస్తే తర్వాత పైరే నేలను కమ్మేస్తుంది. కంది కావాలంటే అయిదు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది పెట్టండి. కొర్ర మూడు నెలల్లోపే కోసేస్తే కందికి చోటు, వెలుతురు రెండూ దొరుకుతాయి. వెనక వానలు పడితే కంది అదనం.

బెట్ట సంగతి. శనక్కాయకు పూత వచ్చాక ఊడ నేలలోకి దిగాలి. నేల గట్టిపడితే దిగదు, ఆ రెండు మూడు వారాలు వాన లేకపోతే కాయ లేనట్టే. కొర్రకు ఆ గండం లేదు. ఎండకు ఆకు చుట్టుకుని ఆగుతుంది, పదును పడగానే మళ్లీ లేస్తుంది. అయితే వాన లేకుండానే పండుతుందనే మాట నమ్మొద్దు. కంకి పాలు పోసుకునే వేళ నీళ్లు పూర్తిగా లేకపోతే సగం తాలే. మంచి ఏడాది ఎకరాకు ఆరేడు క్వింటాళ్లు చూశాను, చెడ్డ ఏడాది మూడు. ఒక్క గింజ రాని ఏడాది మాత్రం చూడలేదు.

ఇక అసలు శత్రువు పిట్ట. ఇది పుస్తకాల్లో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. చుట్టూ శనక్కాయ చేలుండి నీదొక్కటే రెండెకరాల కొర్ర అయితే, ఆ చుట్టుపక్కల పిచ్చుకలన్నీ నీ కంకుల మీదే వాలతాయి. కంకి గట్టిపడ్డప్పటి నుంచి కోసేదాకా పొద్దున, సాయంత్రం మంచె మీద మనిషి ఉండాల్సిందే. పూర్వం ఊరంతా కొర్రే కాబట్టి నష్టం అందరికీ తలా కాస్త పంచుకుపోయేది. అందుకని నువ్వొక్కడివే వేయొద్దు. పక్క గెనెం (గట్టు) వాళ్లను నలుగురిని ఒప్పించి ఒకే వారంలో విత్తండి. ముందు విత్తినవాడిదీ, అందరికన్నా వెనక విత్తినవాడిదీ పిట్టలపాలవుతుంది.

నల్లరేగడి

పెన్నగట్టు అన్న చెప్పింది ఎర్రనేల లెక్క. మాది నంద్యాల వైపు నల్లనేల, మా లెక్క వేరు. మా దగ్గర ఖరీఫ్‌లో చేను ఖాళీగా పెట్టి అక్టోబరులో శనగ (శనక్కాయ కాదు, పప్పుశనగ) వేసే అలవాటు ఉంది. జూన్, జూలైల్లో కొర్ర వేసి సెప్టెంబరులో కోసేసి, అదే చేలో శనగ వేస్తే ఖాళీ నేల మీద ఒక పంట అదనంగా వచ్చినట్టు. ఇందులో శనగకు పోయేదేమీ లేదు, కోత ఆలస్యం చేయకుండా ఉంటే చాలు. అందుకే మా వైపు తక్కువ రోజుల రకాలకే గిరాకీ. సూర్యనంది 70–75 రోజుల్లో వస్తుంది. ఎస్ఐఏ 3085 ఇంకో వారం, పది రోజులు ఎక్కువ, దిగుబడి బాగుంటుంది. రెండూ నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం రకాలే. అక్కడే అడిగితే విత్తనం దొరుకుతుంది.

వెర్రి కంకి తెగులు చూసుకోండి. కంకి గింజ కట్టకుండా ఆకుల్లాగా విచ్చుకుంటుంది. విత్తనశుద్ధి చేస్తే చాలావరకు రాదు. వచ్చిన మొక్కలను పీకి తగలబెట్టాలి, గట్టున పారేస్తే లాభం లేదు.

లెక్కలమాస్టారు

పంట ఎలా పండించాలో తెలిసింది. నా ప్రశ్న వేరు. తినేదెవరు?

నేను సర్వీసులో ఉన్న రోజుల నుంచీ ఈ "పాత పంటలకు పూర్వవైభవం" అనే మాట వింటూనే ఉన్నాను. 2018ను మన దేశం చిరుధాన్యాల సంవత్సరమన్నది. ఆ ఏడాదే ముతక ధాన్యాల పేరు తీసేసి పోషక ధాన్యాలని గెజిట్‌లో రాశారు. 2023ను మన దేశం ప్రతిపాదనతోనే ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. సభలు జరిగాయి, స్టాళ్లు పెట్టారు, బిస్కెట్లు పంచారు. ఇంతా అయ్యాక మెట్టపొలం గారి మార్కెట్ యార్డులో కొర్రలు కొనేవాడు లేడు. పట్నంలో షుగరు భయంతో నాలుగు నెలలు కొర్రన్నం తిని మళ్లీ సన్నబియ్యానికి వచ్చేవాళ్లను నమ్ముకుని రైతు పంట మార్చాలా?

ఒకటి గుర్తుంచుకోండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చింది, కాదనను. కానీ రాయలసీమలో, తెలంగాణ మెట్టల్లో జొన్న, కొర్ర, సామ తినే ఇంటికి తను పండించే ధాన్యం కన్నా చవగ్గా, దంచే పని లేకుండా, పొయ్యి మీద పెట్టగానే ఉడికే తిండి గడప దగ్గరికొచ్చింది. అప్పుడు చేలో కొర్ర ఎందుకుంటుంది? శనక్కాయ వేసి డబ్బు చేసుకుందామనిపిస్తుంది. పల్లెలో వంట మారినందుకే పంట మారింది. ఇప్పుడు పంట మార్చి వంట మారుద్దామంటున్నారు, అది తిరకాసు.

పచ్చజొన్న

మాస్టారూ, మాది జహీరాబాద్ దగ్గర. మీరన్న తిరకాసును మా వైపు ఆడవాళ్లు కొంతవరకు విప్పారు, అందుకే రాస్తున్నాను.

మా దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలున్నాయి, 1983 నుంచి పని చేస్తున్న సంస్థ. 1990లలో పడావు (బీడు) పడ్డ భూములను సాగులోకి తేవడానికి రైతులకు పెట్టుబడి అప్పు ఇచ్చారు. ఆ అప్పు డబ్బుగా కాకుండా జొన్నలుగా తీర్చాలి. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ చేసి, కరువు నెలల్లో ఊళ్లోని పేద కుటుంబాలకు చవగ్గా ఇచ్చారు. అంటే రేషన్ షాపు లాంటిదే. ధాన్యం మాత్రం పంజాబు నుంచి కాకుండా పక్క చేలోంచి వచ్చింది. కొనేవాడు ఎక్కడున్నాడని వెతకలేదు, తినేవాళ్లు ఊళ్లోనే ఉన్నారని చూపించారు. ఆ పనంతా నడిపింది దళిత ఆడవాళ్లు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. దాన్ని నడిపించిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో పోయారు, చిరుధాన్యాల సంవత్సరం జరుగుతుండగానే.

ఇంకో సంగతి. మీరందరూ కొర్ర, శనక్కాయ అంటూ ఒక పంట తీసి ఇంకో పంట పెట్టే మాట మాట్లాడుతున్నారు. మా దగ్గర ఒక్క పంట చేను అనేదాన్నే నమ్మరు. జొన్న, కంది, పెసర, అనుము, నువ్వు, కొర్ర, పుంటికూర అన్నీ ఒకే చేలో. వాన ముందొచ్చి ఆగిపోతే పెసర చేతికొస్తుంది, వెనకొస్తే కంది. ఏది పోయినా ఇంట్లోకి ఏదో ఒకటి వస్తుంది. కరువును తట్టుకునే గుణం కొర్ర ఒక్కదానిలోనే లేదు, కలిపి వేయడంలో కూడా ఉంది. రెండెకరాల్లో ఒట్టి కొర్ర వేస్తే మెట్టపొలం గారు పాత పద్ధతికి సగమే వచ్చినట్టు.

పెన్నగట్టు

అక్కా, మీరన్నది నిజమే. మా వైపు ప్రకృతి వ్యవసాయం వాళ్లు కూడా వానలకు ముందే నవధాన్యాలు చల్లిస్తున్నారు, విత్తనానికి మట్టి పట్టించి. అయితే కలిపి వేస్తే కోతకు మనుషులు కావాలి, యంత్రం దిగదు. ఇంట్లో నలుగురు చేలోకి దిగే వాళ్లకు అది కుదురుతుంది. మెట్టపొలం తమ్ముడి ఇంట్లో ఎందరున్నారో మనకు తెలియదు.

మెట్టపొలం

నేనూ, నాన్నే అన్నా. కోతకు కూలీలే. కాబట్టి అయిదు సాళ్లకు ఒక సాలు కంది, గట్ల వెంబడి అనుములు. అంతవరకు చేయగలను.

మాస్టారు అడిగిందే నా భయం కూడా. పక్కా కొనుగోలు లేకుండా ఎలా?

కొత్తసాలు

నేను ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘంలో పని చేస్తాను. అమ్మకం లెక్క చెప్తాను, కొంచెం ఓపికగా చదవండి.

చిరుధాన్యాల్లో కనీస మద్దతు ధర జొన్న, సజ్జ, రాగులకు మాత్రమే ఉంది. 2025-26కు రాగులు క్వింటాలు ₹4,886, హైబ్రిడ్ జొన్న ₹3,699, సజ్జ ₹2,775. కొర్ర, సామ, అరిక, ఊద, అండుకొర్రలకు కేంద్రం మద్దతు ధర ప్రకటించదు. ఆ మాట ముందే తెలుసుకుని దిగండి.

కొర్రలు ఊకతో సహా అమ్మడానికీ, బియ్యం చేసి అమ్మడానికీ తేడా చూడండి. లెక్క కోసం అనుకుందాం: క్వింటాలు కొర్రలను కళ్ళంలోనే ₹3,000కు అమ్మారు. అదే క్వింటాలును మర పట్టిస్తే ఊక, దుమ్ము, నూక పోను 60–65 కిలోల బియ్యం వస్తాయి. 62 అనుకోండి. మర కూలీ, బండి బాడుగ కలిపి ₹600. ఆ బియ్యాన్ని చుట్టుపక్కల ఊళ్లలోనే కిలో ₹80కి అమ్మితే ₹4,960. ఖర్చు పోను ₹4,360. అంటే క్వింటాలుకు ₹1,360 ఎక్కువ. అది పట్నంలో వందా నూటయాభైకి అమ్మే ప్యాకెట్ లెక్క కాదు. ప్యాకింగు, లేబుల్, దుకాణం కమీషన్, తిరిగొచ్చే సరుకు ఇవన్నీ కలిస్తే ఆ పట్నం ధరలో రైతుకు మిగిలేది మీరనుకున్నంత ఉండదు.

రైతుకు ఆదాయం పెరిగేది ఇక్కడే, ఈ ₹1,360 దగ్గరే. దిగుబడి పెంచడం కన్నా, పట్నం కస్టమర్‌ను వెతకడం కన్నా ముందు మీ ఇంటికి ఇరవై, ముప్ఫై కిలోమీటర్లలో కొర్రలు పట్టే మర ఉందా లేదా కనుక్కోండి. ఉంటే కొర్ర వేయండి. లేకపోతే ఈ ఏడాదికి రాగి ఆలోచించండి. రాగికి ఊక తీయడం ఉండదు, కడిగి ఆరబెట్టి మామూలు పిండిమరలో వేస్తే పిండి. అనంతపురం వైపు సంగటి తినేవాళ్లు ఇంకా ఉన్నారు. మడకశిర, హిందూపురం వైపు రాగి ఎప్పుడూ పూర్తిగా పోలేదంటే కారణం అదే.

లెక్కలమాస్టారు

ఇది కాస్త నమ్మదగ్గ మాట. నాలుగు వందల మైళ్ల అవతలి కస్టమర్ కన్నా నలభై కిలోమీటర్ల మర మేలు.

పిండిమర

మర గురించి వచ్చింది కాబట్టి నేను మాట్లాడాలి. హిందూపురం ప్రాంతంలో చిన్న మర నడుపుతున్నాను. వడ్లకు పెట్టే మరలో కొర్రలు వేస్తే పని జరగదని చాలామందికి తెలియదు. గింజ చిన్నది, ఊక గట్టిగా పట్టుకుని ఉంటుంది. సామ మరీ చిన్నది. అరికకు పొరల మీద పొరలు, దాని ఊక తీయడం అన్నిటికన్నా కష్టం. ఒకే యంత్రంలో వేగం మార్చుకుంటూ పట్టాలి. గింజ సైజు కలగాపులగంగా ఉంటే పెద్ద గింజ నూకవుతుంది, చిన్న గింజ ఊకతోనే బయటికొస్తుంది. అందుకే ముందు జల్లెడ, తర్వాత రాళ్లు తీసే యంత్రం, తర్వాత ఊక తీసేది, ఆ తర్వాత గాలికి ఊక లాగేది. ఈ నాలుగూ వరసగా ఉంటేనే మర. ఊక తీసేది ఒక్కటి కొని మర పెట్టామనుకునేవాళ్లు నెల తిరక్కుండా మూసేస్తారు.

ఈ మర నష్టపోయేదీ ఒకే కారణంతో. కొర్రలు రెండు నెలలు వస్తాయి, మిగతా పది నెలలు మోటారు ఖాళీ. కాబట్టి నేను కారం, పసుపు, రాగిపిండి కూడా పడతాను. అప్పుడే కరెంటు బిల్లు గిట్టుతుంది. మా పక్క ఊళ్లో సబ్సిడీ మీద పెట్టిన యూనిట్ ఒకటి తాళం వేసి ఉంది. త్రీఫేజ్ కరెంటు లైను రాకముందే యంత్రాలు దించారు.

కొత్తసాలు

పిండిమర అన్న చెప్పిన దానికి ఒక ముక్క. చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు కేంద్రం పథకం పీఎంఎఫ్ఎంఈ కింద 2025-26 వరకు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా ₹10 లక్షల దాకా సబ్సిడీ పెట్టారు, ఇప్పుడుందో లేదో కనుక్కోండి. రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధనా సంస్థలో యంత్రాలు చూసి, నేర్చుకుని రావచ్చు. కొనేముందు అక్కడికెళ్లి మీ కొర్రలనే ఒక బస్తా పట్టించి చూడండి. కేటలాగ్‌లో బొమ్మ చూసి కొనొద్దు.

అన్నంగిన్నె

నేను పోషణ విభాగంలో పని చేస్తాను, అంగన్‌వాడీలకు తిరుగుతాను. ఇందాకటి నుంచి ఆదాయం మాటలే నడుస్తున్నాయి, తిండి మాట కూడా కాస్త రావాలి.

వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో పది కూడా ఉండదు. సజ్జలో వంద గ్రాములకు ఆరు మిల్లీగ్రాముల పైన ఇనుము, పాలిష్ బియ్యంలో ఒకటి కూడా లేదు. కొర్రలో మాంసకృత్తులు 12 గ్రాముల దాకా, బియ్యంలో ఏడెనిమిది. ఇక్రిశాట్ రూపొందించిన ధనశక్తి అనే సజ్జ రకంలో వంద గ్రాములకు ఏడు మిల్లీగ్రాముల వరకు ఇనుము ఉంటుంది. రక్తహీనత మన ఇళ్లలో ఎంత మామూలో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

అయితే ఈ అంకెలన్నీ ఒంటికి పట్టవు. ఈ గింజల్లో ఫైటేట్లు అనే పదార్థాలుంటాయి, అవి ఇనుమును, కాల్షియంను పట్టి ఉంచేస్తాయి. నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా తగ్గుతాయి. మన పాతవాళ్లు అంబలి రాత్రంతా పులియబెట్టడం, రాగులు మొలకట్టి పిండి చేయడం ఊరికే చేయలేదు. పక్కన ఇంత నిమ్మకాయో, ఆకుకూరో ఉంటే ఇనుము ఇంకాస్త పడుతుంది. రాగి బిస్కెట్ తింటే ఇవేవీ జరగవు, అందులో రాగి ఎంతో, మైదా ఎంతో అట్ట వెనక చదవండి.

రెండోది, పాలిష్. కొర్రబియ్యం తెల్లగా ఉంటేనే కొంటామని పట్టుబడితే మరవాళ్లు తవుడంతా గీకేస్తారు. పీచు, విటమిన్లు పోతాయి. అప్పుడు మీరు తినేది ఖరీదైన బియ్యం, అంతే. కొర్రబియ్యం పచ్చగా, కాస్త గరుగ్గా ఉండాలి.

మూడోది, ఇక్కడ చాలామందికి నచ్చదు. చిరుధాన్యాలతో షుగరు పోతుంది, కాన్సరు పోతుంది అనే మాటలు నమ్మి మందులు మానేసినవాళ్లను చూశాను. దయచేసి మానొద్దు. కొర్రలో కూడా వంద గ్రాములకు అరవై గ్రాముల పిండి పదార్థం ఉంది. రెండు గిన్నెలు పట్టిస్తే షుగరు పెరుగుతుంది. బియ్యం కన్నా నెమ్మదిగా పెరగొచ్చు, అదీ అన్నంగా వండుకుంటేనే. పిండి చేసి జావ కాస్తే ఆ తేడా కూడా తగ్గుతుంది. థైరాయిడ్ ఉన్నవాళ్లు రోజూ మూడు పూటలా సజ్జే తినకుండా మార్చి మార్చి తినడం మంచిది.

పచ్చజొన్న

చాలా బాగా చెప్పారు అక్కా. అరికల గురించి కూడా ఒక జాగ్రత్త. కోతకొచ్చిన అరిక వానలో తడిసి బూజు పడితే తినొద్దు, పశువులకూ పెట్టొద్దు. 2024 అక్టోబరు చివర్లో మధ్యప్రదేశ్ బాంధవ్‌గఢ్‌లో పది ఏనుగులు చనిపోయింది బూజు పట్టిన అరిక చేలు మేసే. అలాగే జొన్న లేత పైరు, బెట్టకు ఎండి వాడిన పైరు పశువులు మేస్తే నాము (లేత జొన్నలో ఉండే విషం) తగులుతుంది. పూత వచ్చేదాకా అటువైపు తోలకూడదు. కొత్తగా ఈ పంటలకు వచ్చేవాళ్లకు ఇవి చెప్పే పెద్దవాళ్లు ఇళ్లల్లో తగ్గిపోయారు.

మన్యంకొండ

పాడేరు వైపు నుంచి. మా కొండల మీద చోళ్లు (రాగులు), సామలు ఎప్పుడూ పోలేదు, కొండపోడులో ఇంకా వేస్తున్నారు. మా పక్కనే ఒడిశాలో 2017 నుంచి చిరుధాన్యాల మిషన్ నడుస్తోంది. అక్కడ గమనించాల్సిందేమిటంటే, రైతు దగ్గర చోళ్లు మద్దతు ధరకు ప్రభుత్వమే కొంటుంది, వాటిని అక్కడి రేషన్‌లోనూ, అంగన్‌వాడీ లడ్డూల్లోనూ పెడుతుంది. కొనడమూ తినిపించడమూ ఒకే చేతిలో ఉన్నాయి. మాస్టారు అడిగిన "తినేదెవరు" అనేదానికి అక్కడి జవాబు: రేషన్ తీసుకునే ఇళ్లు, అంగన్‌వాడీ పిల్లలు.

లెక్కలమాస్టారు

అదే నేనూ అడుగుతున్నాను. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం ₹3, గోధుమ ₹2, ముతక ధాన్యం ₹1 అని రాశారు. చట్టంలోనే చోటుంది. దక్షిణ కర్ణాటకలో రేషన్‌లో రాగులు ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చి నుంచి బడిలో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలుపెట్టారు, మంచిదే. కానీ ఆ రాగులు అనంతపురం రైతువా, టెండరులో ఎక్కడి నుంచో వచ్చినవా? దగ్గరి రైతు దగ్గరే కొనాలనే షరతు లేకపోతే పిల్లాడికి జావ దొరుకుతుంది, మెట్టపొలం గారికి మాత్రం ఏమీ దొరకదు.

కాబట్టి నా అభిప్రాయం సగం మారింది, సగం మారలేదు. ప్రభుత్వం కొనేదాకా ఆరెకరాలూ మార్చొద్దు. రెండెకరాలు, అదీ ఇంట్లో తినడానికి మిగిలేటట్టు వేసుకోండి.

అన్నంగిన్నె

"ఇంట్లో తినడానికి" అన్నారు కదా మాస్టారూ, అక్కడే మెట్టపొలం గారి అమ్మగారి ప్రశ్న ఉంది. అందరూ దాటేశారు. పల్లెల్లో ఆడవాళ్లు కొర్రను వదిలేసింది పోషణ తెలియక కాదు. తెల్లవారుజామున లేచి రోట్లో పోసి రోకలితో దంచి, చెరిగి, మళ్లీ దంచి, రాళ్లు ఏరి, అప్పుడు పొయ్యి దగ్గరికి పోవాలి. బియ్యం ఆ చాకిరీని తప్పించింది. "పూర్వం మనవాళ్లు ఎంత ఆరోగ్యంగా తినేవారో" అని మైకుల్లో చెప్పేవాళ్లలో ఎంతమంది రోకలి పట్టారో నాకు అనుమానమే. మర లేకుండా కొర్ర మళ్లీ ఇంట్లోకి రావాలని కోరుకుంటే ఆ రోకలి మళ్లీ వాళ్ల చేతికే ఇస్తున్నట్టు.

మెట్టపొలం

ఈ మాట అమ్మకు చదివి వినిపించాను. "ఆ అమ్మాయిని ఒకసారి మనింటికి రమ్మను" అంది.

మరల కోసం కనుక్కున్నాను. మాకు దగ్గరలో రాగి పట్టేవి చాలా ఉన్నాయి, కొర్ర పట్టేది చెన్నేకొత్తపల్లి వైపు ఉందన్నారు. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఆ చుట్టుపక్కల రైతులతో చాలాకాలంగా చిరుధాన్యాలు పండిస్తున్నారట, వాళ్ల సహకార సంఘం పేరు ధరణి. బయటి రైతుల సరుకు తీసుకుంటారో లేదో అడగాలి. పక్క గెనెం వాళ్లు ముగ్గురు ఒప్పుకున్నారు, నాలుగోవాళ్లు శనక్కాయ మానం అన్నారు.

ఎకరంన్నర కొర్ర కందితో, అరెకరం రాగి, మిగతాది శనక్కాయే. ఇది సరేనా?

పెన్నగట్టు

సరే. అయితే ఆ రాగి కాస్త పల్లపు చోట వేయి, కొర్రకన్నా దానికి నీళ్లు ఎక్కువ కావాలి. వానాధారంలో ఎకరంలో అది ఎంత పండుతుందో నీ నేల చూస్తే గానీ చెప్పలేం. పంట బీమాకు మీ మండలంలో కొర్ర నోటిఫై అయిందో లేదో వ్యవసాయ సహాయకుడిని ముందే అడుగు, విత్తాక అడిగితే లాభం లేదు.

నల్లరేగడి

విత్తనం గురించి. ఇవన్నీ హైబ్రిడ్లు కావు, ఒకసారి తెచ్చుకుంటే మూడు, నాలుగేళ్లు నీ విత్తనమే వాడుకోవచ్చు. కోతకు ముందే చేలో తిరిగి, నిండుగా, తెగులు లేకుండా ఉన్న కంకులు విడిగా కోసి పక్కన పెట్టుకో. కళ్ళంలో కుప్ప నుంచి తీసిన గింజ విత్తనానికి వాడొద్దు, అందులో తాలు, కలుపు గింజలు కలిసిపోతాయి.

కొత్తసాలు

నిల్వ సంగతి కూడా కలుపుతాను. ఊకతో ఉన్న కొర్ర బాగా ఎండితే ఏళ్ల తరబడి పురుగు పట్టకుండా ఉంటుంది. మర పట్టిన బియ్యం మాత్రం అలా ఉండదు, అందులో కొవ్వు ఉంటుంది కాబట్టి రెండు మూడు నెలలు దాటితే ముక్కిన వాసన వేస్తుంది. అందుకని ధాన్యంగా దాచి, ఆర్డరు వచ్చినంతవరకే మర పట్టించండి. కోతల వేళ ధర పడిపోతే తొందరపడి అమ్మక్కర్లేదు, అది ఈ పంటకున్న అసలు బలం. శనక్కాయతో అంత ధైర్యం చేయలేం.

పిండిమర

మెట్టపొలం గారూ, మర ఎక్కడిదైనా సరే, ఈ మాట గుర్తుపెట్టుకోండి. నాకొచ్చే సరుకులో సగం గొడవలు రాళ్ల గురించే. తారు రోడ్డు మీద నూర్చి, మట్టి కళ్ళంలో ఆరబోసి తెస్తారు. ఇసుక రేణువు కూడా కొర్రగింజంత ఉంటుంది, రాళ్లు తీసే యంత్రం అన్నిటినీ పట్టలేదు. కొనుక్కున్నవాడి పంటికింద ఒక్క రాయి తగిలితే మళ్లీ మీ దగ్గరికి రాడు. టార్పాలిన్ పట్టా మీదే నూర్చండి, పట్టా మీదే ఆరబోయండి. రెండు ఎండలకు గింజ గోరుకు గట్టిగా తగలాలి, మెత్తగా ఉంటే మరలో నలిగిపోతుంది. తెచ్చే ముందు రోజు మర వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. సామ పట్టిన యంత్రాన్ని కొర్రకు మార్చడానికి పూట పడుతుంది, నాలుగు ఇళ్ల సరుకూ ఒకే రోజు తెస్తే కూలీ కూడా తగ్గించి మాట్లాడుకోవచ్చు.